గుడియాత్తంలో కామరాజు గారు, ఆయన పక్కన నిలిచినవాళ్ళు

ఈ నెల గోడపత్రికకు ఒక మహనీయుని జీవితం రాసి తెమ్మని మేడమ్ చెప్పినప్పుడు క్లాసులో అందరూ గబగబా పేర్లు ఇచ్చేశారు. ఒకరు వీరేశలింగం గారు, ఒకరు దుర్గాబాయి గారు, ఇంకొకరు ప్రకాశం పంతులు గారు. నేను కామరాజు గారి పేరు ఇస్తే వెనక బెంచీలో నవ్వు వినిపించింది. తెలుగు డిపార్ట్‌మెంటు గోడ మీద తమిళ నాయకుడు ఎందుకని వాళ్ళ సందేహం. నేను వేలూరు పిల్లనే అయినా మా అవ్వది గుడియాత్తం పక్క పల్లె. మా ఇంట్లో ఆడపిల్ల బడికి పోవడం అనేది కామరాజు గారితోనే మొదలైంది. అందుకే రాస్తున్నాను. ఇంకొక కారణం కూడా ఉంది, అది చివర్లో చెప్తాను.

ముందు అమెరికా సంగతి. 2024లో అక్కడ ఎన్నికలు జరిగినప్పుడు మన హాస్టల్లో కూడా ఒకటే మాటలు. వాన్స్ గారి భార్య ఉష గారి పెద్దలది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరని పేపర్లు రాశాయి. కమలా హారిస్ గారి తాతగారి ఊరు తిరువారూరు జిల్లా తులసేంద్రపురం అని అంతకు ముందే రాశాయి. అంటే ఒక పక్షం వైపు తెలుగువాళ్ళు, ఒక పక్షం వైపు తమిళులు పంచుకున్నట్టు అయింది! అప్పుడే నాకు రన్నింగ్ మేట్ అనే మాట తెలిసింది. అధ్యక్ష పదవికి నిలబడే మనిషి, ఉపాధ్యక్ష పదవికి తనతోపాటు ఇంకొకరిని ఎంచుకుని ఇద్దరూ కలిసి ఓటు అడుగుతారు. ఓటరు విడివిడిగా వేయడానికి వీల్లేదు, వేస్తే ఇద్దరికీ వేయాలి.

మన దేశంలో అట్లా లేదు. మన ఉపరాష్ట్రపతిని పార్లమెంటు ఉభయ సభల సభ్యులు వేరేగా ఎన్నుకుంటారు. మొట్టమొదటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మన వేలూరు ఊరిస్ కాలేజీలోనే చదువుకున్నారు కాబట్టి ఈ విషయం మనకు తెలిసి ఉండాలి. ఆయన ఎవరి పక్కనా నిలబడి ఊరూరా ఓటు అడగలేదు.

అయితే రన్నింగ్ మేట్ అనే పదవి లేకపోయినా, పక్కన ఎవరిని నిలబెట్టుకోవాలనే ప్రశ్న మన రాజకీయాల్లో లేకుండా పోలేదు. 1960లో కెన్నెడీ, పార్టీలో తనతో పోటీపడిన జాన్సన్‌నే ఉపాధ్యక్ష అభ్యర్థిగా తీసుకున్నాడు. టెక్సాస్ రాష్ట్రం ఆయన వైపు మొగ్గింది, గెలిచాడు. 1972లో మెక్‌గవర్న్ తొందరలో ఈగిల్టన్‌ను ఎంచుకున్నాడు. ఈగిల్టన్ గతంలో మనసుకు సంబంధించిన జబ్బుకు చికిత్స చేయించుకున్నాడని బయటపడ్డాక, మధ్యలో మనిషిని మార్చుకోవలసి వచ్చింది. ఆ ఎన్నికలో యాభై రాష్ట్రాల్లో నలభై తొమ్మిది పోయాయి. పక్క మనిషి వల్ల వచ్చే ఓట్లు కొంచెమే అని అక్కడి పండితులు చాలామంది అంటారు. కానీ ఎంచుకున్న తీరును బట్టి, ఎంచుకున్నవాడు ఎట్లాంటివాడో జనానికి తెలిసిపోతుంది. ఈ మాట మనసులో పెట్టుకుని కామరాజు గారి జీవితం చూడండి.

ఆయన 1903 జులై 15న విరుదునగరంలో పుట్టారు. నాయన కుమారస్వామి, అమ్మ శివకామి. ఆరేళ్ళ వయసులోనే నాయన పోయారు. ఊళ్ళోవాళ్ళు ఇంటింటా పిడికెడు బియ్యం తీసిపెట్టి నడిపిన బడి ఒకటి ఉండేది. అందులో కొన్నాళ్ళు చదివి, ఆరో తరగతి దగ్గరే మానేశారు. మేనమామ బట్టల కొట్లో కూర్చోబెట్టారు. కానీ ఆ పిల్లవాడి చెవులు కొట్టు బయట జరిగే సభల మీదే ఉండేవి. పదహారేళ్ళకు కాంగ్రెస్‌లో చేరారు. 1930లో రాజాజీ గారు వేదారణ్యానికి నడిపించిన ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు పోయారు. మొత్తం మీద సుమారు తొమ్మిదేళ్ళు జైళ్ళలో గడిచాయి. పెళ్ళి చేసుకోలేదు.

ఆ రోజుల్లో తమిళనాడు కాంగ్రెస్‌లో రెండు వర్గాలు. ఒకటి రాజాజీ గారిది, ఇంకొకటి సత్యమూర్తి గారిది. కామరాజు గారికి సత్యమూర్తి గారు గురువు. 1936లో సత్యమూర్తి గారు రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షులై, కామరాజు గారిని కార్యదర్శిగా పెట్టుకున్నారు. సత్యమూర్తి గారు గొప్ప వక్త, చదువుకున్న మనిషి, మద్రాసు నగరంలో పేరున్నవాడు. కామరాజు గారికి ఉపన్యాసం రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ ఏ పల్లెలో ఏ కార్యకర్త ఉన్నాడో పేరుతో సహా తెలుసు. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. జోడీ అంటే అదే కదా.

1940లో ఇంకా విశేషం జరిగింది. అధ్యక్ష పదవికి కామరాజు గారే నిలబడ్డారు. రాజాజీ గారి వర్గం ఇంకొకరిని నిలబెట్టింది. మూడే మూడు ఓట్ల తేడాతో కామరాజు గారు గెలిచారు. అప్పుడు కార్యదర్శిగా ఎవరున్నారనుకుంటున్నారు? సత్యమూర్తి గారే! గురువు శిష్యుడి కింద పనిచేయడానికి సిగ్గుపడలేదు, శిష్యుడు గురువును పక్కన కూర్చోబెట్టుకోవడానికి జంకలేదు. 1943లో సత్యమూర్తి గారు పోయేనాటికి కామరాజు గారు జైల్లో ఉన్నారు. 1947లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆయన మొదట జెండా ఎగరేసింది సత్యమూర్తి గారి ఇంట్లోనే.

మన వేలూరుతో ఆయన సంబంధం జైలుతో మొదలైంది. 1940 డిసెంబరులో సత్యాగ్రహుల జాబితా గాంధీ గారికి చూపించడానికి వార్ధాకు పోతుంటే, దారిలో గుంటూరులో పోలీసులు పట్టుకున్నారు. తెచ్చి వేలూరు సెంట్రల్ జైల్లో పెట్టారు. ఆయన ఇక్కడ లోపల ఉండగానే అక్కడ విరుదునగరంలో మునిసిపల్ ఛైర్మన్‌గా ఎన్నుకున్నారు. 1941 నవంబరులో విడుదలయ్యాక పోయి, ఆ పదవి వదులుకున్నారు. తనకు వేరే పని ఉందనీ, పూర్తిగా చేయలేని పదవిలో కూర్చోకూడదనీ ఆయన అనుకున్నారు. 1942 ఆగస్టులో బొంబాయి సభ నుంచి తిరిగి వచ్చేటప్పుడు మద్రాసులో పోలీసులు కాచుకుని ఉంటారని తెలిసి, మన ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే రైలు దిగేశారు. ఊరూరా తిరిగి చెప్పవలసినవాళ్ళకు చెప్పవలసింది చెప్పి, పని పూర్తయ్యాక తానే పోలీసులకు కబురు చేసి పట్టుబడ్డారు. మూడేళ్ళు లోపలే ఉన్నారు.

ఇక మన ప్రకాశం పంతులు గారి సంగతి. 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా రాజాజీ గారు రావాలని పైనుంచి ఒత్తిడి ఉండగా, కామరాజు గారి వర్గం ప్రకాశం గారికి తోడైంది. పంతులు గారు ప్రధాని అయ్యారు. అయితే ఏడాది తిరక్కుండానే అదే వర్గం ఆయన్ను దించి, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ గారిని తెచ్చింది. కామరాజు గారిని నేను పొగడడానికే రాయడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తోడు తీసుకోవడం తెలిసిన మనిషికి తోడు వదిలేయడం కూడా తెలుసు.

1952లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. మద్రాసు శాసనసభలో 375 స్థానాలుంటే కాంగ్రెస్‌కు 152 వచ్చాయి. సగం కూడా లేవు. మన ఉత్తర ఆర్కాటు, చెంగల్పట్టు జిల్లాల్లో మాణిక్యవేలు నాయకర్ గారి కామన్‌వీల్ పార్టీకి 6 వచ్చాయి. దక్షిణ ఆర్కాటు, సేలం వైపు రామస్వామి పడయాచ్చి గారి టాయిలర్స్ పార్టీకి 19 వచ్చాయి. ఈ రెండూ ఉత్తర జిల్లాల్లోని వన్నియర్ రైతుల పార్టీలు. తమను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదని వాళ్ళకు కోపం. కాంగ్రెస్‌ను గట్టెక్కించడానికి రాజాజీ గారిని పిలిచారు. ఆయన ఎన్నికల్లో నిలబడలేదు, గవర్నరు శాసన మండలికి నామినేట్ చేస్తే ముఖ్యమంత్రి అయ్యారు. మాణిక్యవేలు నాయకర్ గారు మంత్రి అయ్యారు. పడయాచ్చి గారు బయటే ఉండిపోయారు.

1953లో రెండు పెద్ద సంగతులు జరిగాయి. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. చిత్తూరు అటు పోయింది, వేలూరు, గుడియాత్తం ఇటు మిగిలాయి. పలమనేరులో చుట్టాలున్న మా అవ్వ వాళ్ళకు ఒక్క రోజులో చుట్టాలు పక్క రాష్ట్రంవాళ్ళయ్యారు. రెండోది రాజాజీ గారు పల్లె బడుల్లో పెట్టిన కొత్త పద్ధతి. పిల్లలకు పూటకు మూడు గంటలే చదువు, మిగతా పూట ఇంట్లో తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి. బడులు తక్కువ, పంతుళ్ళు తక్కువ, రెండు పూటలుగా నడిపితే రెట్టింపు పిల్లలు చదవవచ్చని ఆయన ఆలోచన. కానీ జనానికి అది వేరేగా తగిలింది. కులవృత్తి చదువు అని పేరు పడింది. నేతవాడి బిడ్డ నేతకే, చాకలివాడి బిడ్డ చాకలి పనికే అని కదా దీని అర్థం అని పల్లెపల్లెనా కోపం రాజుకుంది. పెరియార్ గారు, అన్నాదురై గారు ఉద్యమాలు నడిపారు. కాంగ్రెస్‌లోనే చాలామంది వ్యతిరేకించారు.

మా అవ్వకు అప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఇంట్లో రెండు మగ్గాలు, లుంగీల నేత. పొద్దున మూడు గంటలు బడి, తర్వాత ఇంటికొచ్చి రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం. అన్నల్లో ఒకడు ఆ మూడు గంటలు కూడా పోవడం మానేశాడు. ఎందుకంటే మగ్గం దగ్గర కూర్చున్నవాణ్ణి మళ్ళీ లేపి బడికి పంపే తీరిక ఏ తల్లికి ఉంటుంది? అవ్వ మాత్రం పలక వదల్లేదు. కండె చుట్టే చేయి ఒకటి, నేల మీద అక్షరాలు దిద్దే చేయి ఒకటి అని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

1954 మార్చిలో రాజాజీ గారు తప్పుకున్నారు. కాంగ్రెస్ శాసనసభా పక్షంలో నాయకుడి ఎన్నిక జరిగింది. కామరాజు గారికి పోటీగా రాజాజీ గారి మద్దతుతో సి. సుబ్రహ్మణ్యం గారు నిలబడ్డారు. ఆయన పేరు ప్రతిపాదించింది భక్తవత్సలం గారు. కామరాజు గారికి 93 ఓట్లు, సుబ్రహ్మణ్యం గారికి 41. ఏప్రిల్ 13న కామరాజు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

ఇప్పుడు అసలు విషయం. మంత్రులుగా ఎవరిని తీసుకుంటారా అని అందరూ చూస్తున్నారు. ఇన్నేళ్ళు జైలుకు పోయిన తనవాళ్ళు ఎంతమంది ఎదురు చూస్తుంటారో ఆలోచించండి. ఆయన తనతో కలిపి 8 మందినే పెట్టుకున్నారు. అందులో మొదటివాళ్ళు ఎవరంటే, తన మీద పోటీ చేసిన సుబ్రహ్మణ్యం గారు, ఆయన పేరు ప్రతిపాదించిన భక్తవత్సలం గారు. సుబ్రహ్మణ్యం గారి చేతికి ఆర్థికం, విద్య రెండూ ఇచ్చారు. కామన్‌వీల్ మాణిక్యవేలు నాయకర్ గారిని ఉంచుకున్నారు. బయటే ఉండిపోయిన టాయిలర్స్ పడయాచ్చి గారిని పిలిచి మంత్రిని చేశారు. హరిజన నాయకుడు పరమేశ్వరన్ గారిని తీసుకుని దేవాదాయ శాఖ కూడా ఆయనకే ఇచ్చారు. ఏ గుళ్ళలోకి వాళ్ళను రానివ్వలేదో ఆ గుళ్ళ వ్యవహారం ఆ మనిషి చేతిలో పెట్టారు. రామనాథపురం రాజు సేతుపతి గారు, దక్షిణ కన్నడం నుంచి ఎ.బి. శెట్టి గారు మిగిలిన ఇద్దరు.

ఈ జాబితాను ఒకసారి కాగితం మీద రాసుకుని చూడండి. ఓడిపోయిన వర్గం బయట కూర్చుని గొడవ చేసే అవకాశం లేదు, ఎందుకంటే వాళ్ళ నాయకులు లోపలున్నారు. ఉత్తర జిల్లాల రైతులకు కోపం లేదు, ఎందుకంటే వాళ్ళ మనుషులు మంత్రులు. ఆ రెండు చిన్న పార్టీలూ కొన్నాళ్ళలో కాంగ్రెస్‌లోనే కలిసిపోయాయి. అమెరికాలో ఒక్క రన్నింగ్ మేట్‌తో చేయాలనుకునే పనిని ఈయన ఏడుగురితో చేశారు.

అయితే ఒక చిక్కుంది. అప్పటికి ఆయన శ్రీవిల్లిపుత్తూరు నుంచి లోక్‌సభ సభ్యుడు, రాష్ట్రంలో ఏ సభలోనూ సభ్యుడు కాడు. ఆరు నెలల్లో ఏదో ఒక సభలోకి రావాలని రాజ్యాంగం చెప్తుంది. రాజాజీ గారిలాగా మండలికి పోయి ఉండవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. ఆయన ఆ దారి పట్టలేదు. జనం ముందుకే పోతానన్నారు. ఖాళీగా ఉన్న సీటు మన గుడియాత్తం. విరుదునగరానికీ గుడియాత్తానికీ నాలుగు వందల కిలోమీటర్ల పైనే దూరం. ఇక్కడ ఆయనకు బంధువులు లేరు, ఆయన కులంవాళ్ళ బలం లేదు. నేతగాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, అగ్గిపెట్టెల పనివాళ్ళు, రైతులు, తమిళం, తెలుగు, ఉర్దూ మూడూ వినిపించే ఊరు. కమ్యూనిస్టులకు గట్టి పట్టున్న ఊరు కూడా.

అంతకు ముందే మే నెలలో ప్రభుత్వం ఆ ఒంటిపూట చదువు పద్ధతిని ఎత్తేసింది. విద్యాశాఖ సుబ్రహ్మణ్యం గారిది. రాజాజీ గారి మనిషిగా పేరుపడ్డ ఆయన చేతుల మీదుగానే రాజాజీ గారి పథకం పోయింది. ఇంకొకరు చేసి ఉంటే పగ తీర్చుకున్నట్టు ఉండేది. గుడియాత్తంలో గంగమ్మ శిరసు తిరునాళ్ళు జరిగిన కొన్నాళ్ళకే ఈ కబురు వచ్చిందని అవ్వకు గుర్తు. జూన్‌లో బడి తెరిచినప్పుడు రెండు పూటలా రమ్మన్నారు. వాళ్ళ అమ్మకు కండెలు చుట్టే చేయి పోయిందని బాధ, అవ్వకు పండగ.

ఉప ఎన్నికలో చిత్రం ఏమిటంటే, కాంగ్రెస్ అంటే పడని పెరియార్ గారు కామరాజు గారికి మద్దతు ఇచ్చారు. అన్నాదురై గారి డి.ఎం.కె. కూడా మద్దతు ఇచ్చింది. గట్టి పోటీ ఇచ్చింది కమ్యూనిస్టు అభ్యర్థి ఒక్కరే. మా అవ్వ వాళ్ళ నాయన భుజం మీద కూర్చుని ఆయన్ను చూసిందట. నల్లగా, ఎత్తుగా, తెల్ల చొక్కా, మోకాళ్ళు దాటే చేతులు. ఎక్కువ మాట్లాడలేదు. ఏం మాట్లాడారో అవ్వకు గుర్తు లేదు, అరవం కూడా అప్పటికి సరిగా రాదు. కానీ జీపు పక్కన నడిచే జనంలో నిన్నటిదాకా ఒకరినొకరు తిట్టుకున్న పార్టీలవాళ్ళు ఉండడం చూసి వాళ్ళ నాయన ఆశ్చర్యపోయాడట. ఆ సంగతి మాత్రం ఇంట్లో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. కామరాజు గారు పెద్ద మెజారిటీతో గెలిచారు.

మంత్రుల ఎంపిక వల్ల గెలిచారా, చదువు పథకం ఎత్తేసినందుకు గెలిచారా, ముఖ్యమంత్రి కాబట్టి గెలిచారా అని ఎవరైనా అడిగితే తూకం వేసి చెప్పడం కష్టం. మూడూ కలిసే ఉంటాయి. కానీ నాకు ఒకటి అనిపిస్తుంది. ఆ మూడు నెలల్లో ఆయన ఎవరినీ బయటకు నెట్టలేదు. అందుకే ఆయన్ను ఓడించాలనే పట్టుదల ఎక్కువమందికి లేకపోయింది.

తర్వాత తొమ్మిదేళ్ళ పాలన మీకు తెలిసిందే. మూతపడ్డ బడులు తెరిచారు, బడి లేని ఊళ్ళకు బడి ఇచ్చారు. 1956 నుంచి మధ్యాహ్నం అన్నం పెట్టే పథకం నడిచింది. క్రమంగా బడి చదువు ఫీజు లేకుండా చేశారు. 1957లో 205 స్థానాల్లో 151, 1962లో 206లో 139 కాంగ్రెస్‌కు వచ్చాయి. 1963 అక్టోబరు 2న, పెద్దలు పదవులు వదిలి పార్టీ పనికి రావాలనే తన పథకం ప్రకారం తానే ముందు రాజీనామా చేశారు. తన కుర్చీలో కూర్చున్నది ఎవరంటే, 1954లో తనకు వ్యతిరేకంగా పేరు ప్రతిపాదించిన భక్తవత్సలం గారే. తర్వాత కాంగ్రెస్ అధ్యక్షులై, నెహ్రూ గారి తర్వాత శాస్త్రి గారినీ, 1966లో ఇందిరా గారినీ ప్రధానులను చేయడంలో ముందున్నారు. తాను ఆ కుర్చీ కోరుకోలేదు.

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉంటుంది గానీ నిజం కాదు. 1967లో సొంత ఊరు విరుదునగరంలో ఒక విద్యార్థి నాయకుడి చేతిలో 1,285 ఓట్ల తేడాతో ఓడిపోయారు. గుడియాత్తంలో పక్కన నిలిచిన డి.ఎం.కె. ఈసారి ఎదుట నిలిచింది. దాని పక్కన రాజాజీ గారి స్వతంత్ర పార్టీ ఉంది. జనం చేతిలో బియ్యం కరువు, గుండెల్లో హిందీ గొడవ నాటి తూటాల గాయం ఉన్నాయి. అప్పుడు ఎంత పెద్దమనిషైనా నిలవడం కష్టం.

1969లో రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. కామరాజు గారు, ఆయనతోటి పెద్దలు కలిసి మన నీలం సంజీవరెడ్డి గారిని కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబెట్టారు. ప్రధాని ఇందిరా గారికి అది ఇష్టం లేదు. అప్పటి ఉపరాష్ట్రపతి వి.వి. గిరి గారు, ఆయనా తెలుగువారే, రాజీనామా చేసి స్వతంత్రంగా నిలబడ్డారు. ఇందిరా గారు అంతరాత్మ చెప్పినట్టు ఓటు వేయమన్నారు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టే దాకా పోయి గిరి గారు గెలిచారు. ఆ ఏడాదిలోనే కాంగ్రెస్ రెండుగా చీలింది. 1954లో ఓడినవాళ్ళను కూడా పిలిచి కూర్చోబెట్టుకున్న మనిషి, 1969లో సొంత ప్రధానికి ఇష్టం లేని అభ్యర్థిని నిలబెట్టారు. అభ్యర్థి మంచివాడే, పక్కన ఉండవలసినవాళ్ళు పక్కన లేరు.

1971లో ఇంకా విచిత్రం. జీవితమంతా ఎదురుబొదురుగా ఉన్న రాజాజీ గారు, కామరాజు గారు ఒక్కటై డి.ఎం.కె. మీద పోటీ చేశారు. శాసనసభలో 234కు డి.ఎం.కె. ఒక్కటే 184 గెలుచుకుంది. కామరాజు గారు నాగర్‌కోవిల్ నుంచి పార్లమెంటుకు గెలిచారు గానీ జోడీ ఓడిపోయింది. ఇద్దరు పెద్దవాళ్ళు కలిస్తే చాలదని, ఎందుకు కలిశారో జనానికి అర్థం కావాలని దీన్ని బట్టి తెలుస్తుంది. 1954లో ఎందుకు కలిశారో జనానికి తెలుసు. బడి కోసం.

1975 అక్టోబరు 2, గాంధీ జయంతి రోజే ఆయన పోయారు. మద్రాసులో అద్దె ఇంట్లోనే ఉండేవారు. చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. మరుసటి ఏడాది భారతరత్న ఇచ్చారు.

ఇప్పుడు ముందు చెప్తానన్న రెండో కారణం. ఈ ఏడు మన తెలుగు సంఘం ఎన్నికలో నేను అధ్యక్షురాలిగా గెలిచాను. మీకు తెలుసు, గుడియాత్తం బస్సులో వచ్చే పిల్లలెవరూ నాకు ఓటు వేయలేదు. వాళ్ళు తమ ఊరి అమ్మాయినే నిలబెట్టారు. సహాయ కార్యదర్శిని అధ్యక్షురాలే ఎంచుకోవాలి. నా ప్రాణ స్నేహితురాలు నా కోసం పది రోజులు క్లాసు క్లాసుకూ తిరిగింది. ఆ పదవి తనకే అని ఆమె అనుకుంది, నేనూ అనుకున్నాను. ఆ వారం పల్లెకు పోయి అవ్వ దగ్గర ఈ కథంతా విన్నాను. ఎనిమిది మంది పేర్లు కాగితం మీద రాసుకుని చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సోమవారం బస్టాండుకు పోయి, గుడియాత్తం బస్సు దిగేదాకా నిలబడి, ఓడిపోయిన ఆ అమ్మాయినే అడిగాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ఒక షరతు పెట్టింది. వాళ్ళ బస్సులో వచ్చే చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదువు తమిళంలో సాగింది కాబట్టి తెలుగు అక్షరాలు రావు. గోడపత్రిక వాళ్ళకు గోడే, పత్రిక కాదు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనం వేళ ఇక్కడ నిలబడి ఎవరో ఒకరు గట్టిగా చదివి వినిపించాలి, నెలకు నాలుగు అక్షరాలైనా నేర్పాలి అని అడిగింది. మూడేళ్ళుగా ఈ గోడ ముందు నుంచి పోతున్నాను, నాకు ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. సరే అన్నాను.

నా స్నేహితురాలు నాతో మాట్లాడడం మానేసింది. ఇది దాచి రాయడం నాకు ఇష్టం లేదు. కామరాజు గారు ఆ ఎనిమిది మందిని ఎంచుకున్న రోజు, ఆయన కోసం జైలుకు పోయి కూడా పేరు లేకుండా మిగిలిపోయినవాళ్ళు ఇంటికి ఎట్లా పోయి ఉంటారో పుస్తకాల్లో ఎక్కువ రాయరు. వాళ్ళు కూడా నాకు ఇప్పుడు గుర్తొస్తున్నారు. ఆమె చేసిన పనికి నేను పదవితో బదులు తీర్చలేదు, ఇంకెట్లా తీర్చాలో ఇంకా తెలియడం లేదు.

ఈ శుక్రవారం ఈ వ్యాసాన్నే మన కార్యదర్శి చదివి వినిపిస్తుంది. గుడియాత్తం బస్సు పిల్లలు, కాట్పాడి రైలు పిల్లలు, హాస్టల్ పిల్లలు అందరూ రండి. నా స్నేహితురాలు కూడా రావాలని కోరుకుంటున్నాను. అక్షరాలు రానివాళ్ళు ముందు వరుసలో కూర్చోండి. మా అవ్వ నేల మీద దిద్దిన అక్షరాలతోనే మొదలుపెడదాం.